జరిగిన కార్యక్రమాన్ని జరిగినట్లుగా గుర్తించమని మనవి

సాంస్కృతిక విభాగం అధికారి గారి సముఖమునకు,

రాయునది: నగర కళాభవనంలో ఇరవై రెండేళ్ళుగా రంగస్థల నిర్వాహకుడు, తమ విభాగం వారి 'వర్ధమాన కార్యక్రమ నిర్మాతల శిక్షణ పథకం'లో మార్గదర్శి.

అయ్యా,

విషయం: మా ఆరంతస్తుల భవనంలో కళా కార్యక్రమం జరగలేదని నేను ఇచ్చిన నివేదికను రద్దు చేయమని నేనే కోరుట, సదరు కార్యక్రమం జరిగినదని గుర్తించమని ప్రార్థించుట గురించి.

సూచిక: 1. నా నివేదిక (తప్పు). 2. దాని ఆధారంగా తమరు జారీ చేసిన మెమో (అదీ తప్పే, కానీ తమ తప్పు కాదు).

1. అనుభవం ఉన్న ఒక్కొక్క నిర్వాహకుడికి ఒక్కొక్క శిక్షణార్థిని అప్పగించి, ఆరు నెలల్లో ఆ శిక్షణార్థి చేత తానుండే చోట, చుట్టుపక్కల వాళ్ళతో ఒక కళా కార్యక్రమం సొంతంగా చేయించవలెనని తమ విభాగం వారు పథకం పెట్టిన సంగతి తమకు తెలిసినదే. నాకు కేటాయించిన శిక్షణార్థి పేరు చూసి మొదట అచ్చుతప్పు అనుకున్నాను. చిరునామా చూశాక కాదని తేలింది. అది మా ఇంటి చిరునామా. శిక్షణార్థి మా అత్తగారు.

విచారించగా తేలిన వివరాలు ఏమనగా: కళాభవనంలో మిగిలిపోయిన దరఖాస్తు ఫారాలను నేనే ఇంటికి తెచ్చి, అల్మారా అరల్లో పరుచుకోమని ఇచ్చాను. ఆమె అరలన్నీ పరిచి, మిగిలిన ఒక్క ఫారం నింపి, ఎవరికీ చెప్పకుండా తమ కార్యాలయంలో ఇచ్చి వచ్చారు. ఆమె వయసు అరవై మూడు. 'వర్ధమాన' అన్న మాటకు వయోపరిమితి నిబంధనల్లో ఎక్కడా లేదని తమ గుమాస్తా గారు సెలవిచ్చారు. మరొకరిని కేటాయించమని బతిమాలితే, "ఇద్దరిదీ ఒకటే ఇల్లు కదండీ, ఇంతకన్నా వీలు ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు. ఆయనకింకా పెళ్ళి కాలేదనుకుంటాను.

2. మా అత్తగారు పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి, ఆ విభాగానికి పెద్దగా ఉండి రిటైరయ్యారు. రోజుకు వెయ్యి దుప్పట్లు ఉతికించి, ఆరబెట్టించి, మడతలు పెట్టించి, ఏ వార్డువి ఆ వార్డుకు వేళకు చేర్పించిన మనిషి. అటువంటి మనిషికి నిర్వహణ అంటే ఏమిటో నేను నేర్పాలా అన్న ప్రశ్న నాకు అప్పట్లో తట్టలేదు. తట్టిన ఇబ్బంది వేరు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె నాతో నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడి ఎరుగరు. కోపం వల్ల కాదు, మర్యాద వల్ల. నేను ముందు గదిలో ఉంటే ఆమె వంటగదిలో ఉంటారు. నేను వంటగదిలోకి వెళితే ఆమెకు వెనక బాల్కనీలో పని గుర్తొస్తుంది. ఏదైనా చెప్పవలసి వస్తే నా భార్యతో చెబుతారు, నేను పక్కనే ఉన్నా సరే.

3. పథకం ఏడవ నిబంధన ప్రకారం మార్గదర్శి, శిక్షణార్థి వారానికి ఒక గంట ముఖాముఖి కూర్చోవలెను. ఇరవై నాలుగు వారాలూ కూర్చున్నట్లు నేను రిజిస్టరులో సంతకం పెట్టాను. అందులో ముఖం ఒకటే ఉంది, రెండోది తలుపు. తమరికి అర్థం కావడానికి మూడవ వారం జరిగిన సమావేశం యథాతథంగా మనవి చేసుకుంటున్నాను.

నేను ముందు గదిలో కూర్చుని, "ప్రేక్షకుడికి అన్నిటికన్నా ముఖ్యం కుర్చీ. కుర్చీల వరస సరిగ్గా ఉంటే సగం కార్యక్రమం అయిపోయినట్లే అని చెప్పు" అన్నాను.

నా భార్య తలుపు దగ్గర నిలబడి లోపలికి, "అమ్మా, కుర్చీలట" అంది.

"అల్లుడు గారు ఎలా అంటే అలాగే అని చెప్పు."

"సరేనందండీ."

ప్రతి వారం ఇదే వరస. వేదిక గురించి చెప్పాను. మైకు గురించి, ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే జనాన్ని ఎలా కూర్చోబెట్టాలన్న దాని గురించి చెప్పాను. ఈ ఆఖరి అంశంలో నాకున్నంత అనుభవం మన విభాగంలో మరొకరికి లేదు. అన్నిటికీ ఒకటే జవాబు. ఇంత వినయం గల శిక్షణార్థి మరొకరు లేరని మూడు నెలల నివేదికలో రాశాను కూడా. 'మీరు ఎలా అంటే అలాగే' అంటే 'మీరు అంటూ ఉండండి, నేను చేసేది చేసుకుంటాను' అని అర్థమని నాకు తెలియదు. నా భార్యకు తెలుసట. "అడిగితే చెప్పేదాన్ని" అంది తర్వాత.

నా భార్య కూడా మధ్యలో ఒకసారి తిరగబడింది. "ఆయన్ని అడుగమ్మా అని ఒకరు, మీ అమ్మకు చెప్పు అని ఒకరు, ఇద్దరూ నా కాళ్ళు అరగదీస్తున్నారు. ముగ్గురిలో పని చేస్తున్నది నేను. సర్టిఫికెట్ మాత్రం అమ్మకా?" అని. ఈ విషయం కింద కోరికల్లో ప్రస్తావించితిని.

4. మా భవనానికి కింద ఒక హాలు ఉంది. లిఫ్టు ఉంది కానీ పధ్నాలుగు నెలలుగా కదలదు. కార్యక్రమం ఆ హాల్లో జరపడానికి నేనే తమకు రాసి అనుమతి తెచ్చాను. "మెట్ల మీదైతే ఎలా ఉంటుందని అమ్మ అడుగుతోంది" అని నా భార్య ఒక్కసారి, ఒకే ఒక్కసారి తలుపు దగ్గరి నుంచి అంది.

"మెట్లు ఎక్కడానికీ దిగడానికీ ఉంటాయని చెప్పు" అన్నాను.

"అల్లుడు గారు ఎలా అంటే అలాగే" అని లోపలి నుంచి వినిపించింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలు ఆమె చేతిలో నోటుబుక్కు పట్టుకుని ఒక్కో అంతస్తూ ఎక్కడం, దిగడం చూశాను. మోకాళ్ళకు మంచిదని డాక్టరు చెప్పాడేమో అనుకున్నాను. మూడో అంతస్తు ఎలక్ట్రీషియన్ రోజూ సాయంత్రం రెయిలింగు మీద స్పానరుతో టకటకలాడిస్తుంటే, నేనే పైకి వెళ్ళి, "ఏం బాబూ, ఇల్లనుకున్నావా, ఇనుప సామాన్ల కొట్టనుకున్నావా?" అని కేకలేసి వచ్చాను. "ప్రాక్టీసండీ" అన్నాడు. దేనికి అని అడిగి ఉంటే ఈ అర్జీ రాయవలసిన అవసరం ఉండేది కాదు.

5. కార్యక్రమం రోజు ఆదివారం. సాయంత్రం నాలుగు గంటలకల్లా హాల్లో నూట యాభై కుర్చీలు నేనే స్వయంగా వేశాను. వరసకు పదిహేను, మధ్యలో దారి. మైకు పరీక్షించాను. ఐదు గంటలకు మొదలవ్వాలి, ఎవరూ రాలేదు. ఐదుంపావుకు ఒక పిల్లి వచ్చి, మూడో వరసలో కాసేపు కూర్చుని, నచ్చక వెళ్ళిపోయింది. నేను మైకులో, "కార్యక్రమం మరికొద్ది సేపట్లో ప్రారంభమవుతుంది" అని ఖాళీ కుర్చీలకు రెండుసార్లు ప్రకటించాను. అలవాటు.

అప్పుడే పైనుంచి గోల వినిపించింది. గుంపుగా అడుగుల చప్పుడు, నవ్వులు, చప్పట్లు. కింద ప్రభుత్వ కార్యక్రమం పెట్టుకుంటే పైన ఎవరో విందు చేసుకుంటున్నారని నాకు ఒళ్ళు మండింది. మెట్లెక్కి మొదటి అంతస్తుకు వెళ్ళాను. అక్కడుండే రిటైరైన బ్యాంకు గార్డు ఖాకీ చొక్కా విప్పుతూ చెమట తుడుచుకుంటున్నాడు.

"హాల్లో కార్యక్రమం ఉంది. కొంచెం నిశ్శబ్దంగా ఉండమని చెప్పండి వాళ్ళకి" అన్నాను.

"మీరు ఆలస్యంగా వచ్చారండీ, నాది అయిపోయింది. బ్యాంకు క్యూలో నిలబడే తొమ్మిది రకాల మనుషులు. ఆరో రకానికి పడిపడి నవ్వారు" అన్నాడు ఆయన, వెలిగిపోతున్న మొహంతో.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకా పైకి వెళ్ళాను. మూడో అంతస్తులో మెట్లు ఖాళీగా ఉన్నాయి, రెయిలింగు మీద స్పానరు మాత్రం ఉంది. నాలుగో అంతస్తు దగ్గరకు వచ్చేసరికి మెట్ల నిండా జనం. అక్కడి తోడికోడళ్ళిద్దరూ ఎదురెదురు గుమ్మాల్లో నిలబడి పోట్లాడుకుంటున్నారు. వాళ్ళిద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవని భవనమంతటికీ తెలుసు.

"నా బకెట్టు నీ బాల్కనీలోకి నడిచి వచ్చిందా?"

"నడిచే వచ్చింది. నీ దగ్గర ఉండలేకే వచ్చింది!"

నేను జనాన్ని తోసుకుంటూ మధ్యలోకి దూకాను. "అమ్మా, ఆగండి, ఒక బకెట్టు కోసం ఇంత మంది ముందు ఎందుకమ్మా ఈ రభస? పెద్దమనిషిగా చెబుతున్నాను, ఆ బకెట్టు నేను కొనిస్తాను" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఈలవేశారు. తోడికోడళ్ళిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నేనూ ఆటలో భాగమనుకున్నారని, మాటలు పోగొట్టిన రెండేళ్ళ నాటి తగువునే తోడికోడళ్ళు ఒప్పుకుని ఆడుతున్నారని నాకు తెలియదు. "ఏమిటిది, అనుమతి లేకుండా ఎవరు..." అని గొంతు పెంచాను.

అప్పుడు పై మెట్టు మీద నుంచి, చేతిలో నోటుబుక్కుతో, ముక్కు మీద కళ్ళద్దాలతో, మా అత్తగారు నా కళ్ళలోకి సూటిగా చూసి అన్నారు: "నోరు మూసుకుని కూర్చోండి."

పదకొండేళ్ళలో ఆమె నాతో నేరుగా అన్న మొదటి మాట అది. కూర్చున్నాను. మెట్టు చల్లగా ఉంది.

6. తర్వాత అందరినీ ఆరో అంతస్తుకు తీసుకెళ్ళారు. ముసలివాళ్ళను రెయిలింగు వైపు కాకుండా గోడ వైపు కూర్చోబెట్టారు. రొప్పుతున్న వాళ్ళకు ఐదో అంతస్తు దగ్గర మంచినీళ్ళు పెట్టించారు. ఈ రెండూ నేను చెప్పినవి కావు. నాకు తట్టేవి కూడా కావు.

ఆరో అంతస్తులో ఒకావిడ ఒంటరిగా ఉంటుంది. మా అత్తగారితో పాటు లాండ్రీలో పనిచేసింది. నా భార్య ఆవిడను పిన్ని అంటుంది కాబట్టి నాకూ పిన్నిగారే. మోకాళ్ళు అరిగిపోయాయి. లిఫ్టు ఆగిన రోజు నుంచి ఆవిడ కిందికి దిగలేదు. దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలట, ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు. ముప్పై ఏళ్ళు ఆ ఇద్దరూ వీళ్ళేనట. యంత్రాల హోరులో లెక్క తప్పకుండా ఉండేందుకు పిన్నిగారు ఒక పాట కట్టుకుని పాడేదట.

ఆ రోజు ఆవిడ గుమ్మం ముందు ఇద్దరూ చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. పిన్నిగారు ఒక కుర్చీ వీపును ఆనుకుని పాడింది:

ఒకటో దుప్పటి జ్వరానిది, ఒళ్ళు చల్లబడి వెళ్ళింది
రెండో దుప్పటి పురుటిది, ఇద్దరై ఇంటికెళ్ళింది
మూడో దుప్పటి ఎవరిదో, మెల్లగా మడత పెట్టమ్మా

మూడో దుప్పటిని వాళ్ళు నిజంగానే మెల్లగా మడతపెట్టారు. కొసలు కలిపి, దగ్గరికి నడిచి, చేతులు తాకేదాకా. అరవై మందికి పైగా మెట్ల మీద కూర్చున్నారు, ఒక్కరూ దగ్గలేదు. కళాభవనంలో ఇరవై రెండేళ్ళుగా 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు పెట్టించి, మైకులో అరిచి తెప్పించలేని నిశ్శబ్దం అది. నా కంట్లో ఏదో పడింది. మెట్లు సరిగ్గా తుడవకపోవడం వేరే విభాగానికి సంబంధించిన విషయం కనుక ఇక్కడ ప్రస్తావించడం లేదు.

7. మర్నాడు ఉదయం తమ ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'మంజూరైన స్థలంలో కార్యక్రమం జరిగిందా?' అన్న గడిలో 'లేదు' అని రాశాను. 'హాజరైన ప్రేక్షకులు' అన్న గడిలో 'సున్న' అని రాశాను (పిల్లిని లెక్కించలేదు). 'మార్గదర్శి సూచనలు పాటించారా?' 'లేదు.' 'శిక్షణార్థి యోగ్యత?' 'అయోగ్యురాలు.' ప్రతి గడిలోనూ నిజమే రాశాను. కాగితం మొత్తం అబద్ధం.

ఎందుకు అలా రాశానని తమరు అడగవచ్చును. నియమాల మీద గౌరవంతో అని రాయడానికి మూడు చిత్తుప్రతులు చింపాను. అసలు కారణం ఏమనగా, అరవై మంది ముందు, నేను దారి చూపవలసిన మనిషి నన్ను నోరు మూసుకోమన్నారు, నేను మూసుకున్నాను, ఆ తర్వాత కార్యక్రమం చాలా బాగా జరిగింది. ఇందులో ఆఖరిదే ఎక్కువ బాధించింది.

8. పదిహేను రోజులకు తమ మెమో వచ్చింది. 'సదరు కార్యక్రమం జరగనట్లుగా పరిగణించడమైనది. శిక్షణార్థి ఇకపై ఎటువంటి సామూహిక కార్యక్రమమూ చేపట్టరాదు' అని. నా భార్య వంటగదిలో చదివి వినిపించింది. తర్వాత మా అత్తగారి గొంతు, "అల్లుడు గారు రాశారంటే సరిగ్గానే రాసి ఉంటారమ్మా." ఆ కాగితాన్ని నాలుగు మడతలు, అంచుకు అంచు కలిపి పెట్టి, అల్మారాలో దాచారు.

తిట్టి ఉంటే బాగుండేది. అప్పటినుంచి ఆమె మర్యాద ఇంకా పెరిగింది. నేను వీధి తలుపు తీస్తే ఇప్పుడు వంటగది తలుపు మూసుకుంటోంది. నా భార్య మాటలు చేరవేయడం మానేసింది. "మీకేం కావాలన్నా ఫారం నింపి ఇవ్వండి, గడిలో రాస్తాను" అంటోంది. ఉప్పు తక్కువైందని చెప్పుకునే మార్గం కూడా ఇంట్లో నాకు లేదు.

ఇంతలో పక్క భవనం వాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళ మెట్ల మీద కూడా ఇలాంటిది ఒకటి చేయించమని. ఒకాయన తాను ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చూపించని బొమ్మల పుస్తకం కూడా తెచ్చాడు. మా అత్తగారు ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూశారు. చూసి, "ప్రభుత్వం వద్దంది బాబూ, నాకు రాదట" అని తిరిగి ఇచ్చేశారు. నేను ముందు గదిలో పత్రిక అడ్డం పెట్టుకుని ఉన్నాను. పత్రిక తలకిందులుగా ఉందని ఆ పెద్దమనిషి వెళుతూ వెళుతూ చెప్పాడు.

9. ఆ మర్నాడు, ఎవరూ పంపకుండానే, ఆరంతస్తులూ ఎక్కి పిన్నిగారి దగ్గరకు వెళ్ళాను. జరిగింది ఆవిడకు సర్దిచెబితే ఆవిడ మా అత్తగారికి సర్దిచెబుతుందని నా ఆలోచన. ఆవిడ కుర్చీ చూపించి, నేను రొప్పడం ఆగేదాకా ఊరుకుని అడిగింది.

"ఆ రోజు ఏమీ జరగలేదని రాశావటగా బాబూ?"

"అది ఫారంలో ఒక గడి పిన్నిగారూ. మంజూరైన స్థలం అని ఉంటుంది. అందులో..."

"మరి నేను పాడింది ఎవరికి?"

నేను కుర్చీలో ఇటు నుంచి అటు జరిగాను.

"పధ్నాలుగు నెలల్లో నా గుమ్మం దగ్గరికి పాలమ్మాయి, మీ అత్తా తప్ప ఎవరూ రాలేదు. ఆ రోజు మెట్ల నిండా మనుషులు. రాత్రి పడుకుంటే వాళ్ళ చెప్పుల చప్పుడే చెవుల్లో. అది జరగలేదంటే నాకు మతి పోయిందనే కదా? కాస్త చూసి చెప్పు నాయనా, ఈ వయసులో అది కూడానా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. దిగి వస్తుంటే ఒక్కో మెట్టూ రెండేసి మెట్లంత ఉంది. తిన్నగా ఇంటికి వచ్చి ఈ అర్జీ మొదలుపెట్టాను.

కావున, పైన విన్నవించిన కారణాలను దయతో పరిశీలించి:

(అ) నా నివేదికను ఒక మొగవాడి ఉక్రోషంగా భావించి రద్దు చేయవలెను.

(ఆ) సదరు కార్యక్రమం జరిగినదని, అరవై మందికి పైగా చూశారని, చూసినవాళ్ళలో నేనూ ఉన్నానని రికార్డులో నమోదు చేయవలెను. ఆ నకలు ఒకటి ఆరో అంతస్తుకు పంపవలెను. బంట్రోతు మెట్లెక్కనంటే నేను ఎక్కి ఇస్తాను.

(ఇ) మా అత్తగారిపై ఉన్న నిషేధం ఎత్తివేసి, పక్క భవనం మెట్లకు అనుమతి ఇవ్వవలెను. స్థలం అన్న గడిలో ఈసారి 'మెట్లు' అని స్పష్టంగా రాశాను.

(ఈ) ఇరవై నాలుగు వారాలు మాటలు మోసినందుకు నా భార్యకు కూడా ఒక సర్టిఫికెట్ ఇప్పించవలెను. ఇది ముందు ఇస్తే నాకు మరింత మేలు.

(ఉ) తప్పుడు నివేదిక ఇచ్చినందుకు నాపై ఏ చర్య తీసుకున్నా శిరసావహిస్తాను. ఆదివారాలు మాత్రం విడిచిపెట్టమని ప్రార్థన. అనుమతి వస్తే నాకు అక్కడ, గోడ వైపు జనాన్ని కూర్చోబెట్టే పని దొరకవచ్చును.

తమరికి తీరిక దొరికినప్పుడు, కుర్చీలో కాక మెట్టు మీద కూర్చుని ఒకసారి ఇది చదివి చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయుడు,
మార్గదర్శి (ఇంకా తీసేయకపోతే)

తాజా కలం: పైదంతా రాసి, తప్పులు దిద్దుకోవడానికి ముందు గదిలో కూర్చుని పైకి చదివాను. నా భార్య బజారుకు వెళ్ళింది, వినేవాళ్ళెవరూ లేరనుకున్నాను. చివరిదాకా వచ్చేసరికి వంటగది తలుపు తెరుచుకుంది. మా అత్తగారు గుమ్మం దాటి, వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుని, "ఇంత పొడుగు ఎవరు చదువుతారండీ? ఆఫీసరు గారికి వేరే పనులుండవా? ఆ దుప్పట్ల పేరా మొత్తం తీసేయండి. నా గురించి అంత అక్కర్లేదు" అన్నారు. తీయనన్నాను. తీయాలన్నారు. మార్గదర్శిని నేను, తీయనని మళ్ళీ అన్నాను. "మొండిఘటం! ఎక్కడ ఆపాలో తెలియకపోతే ఇరవై రెండేళ్ళు ఏం వెలగబెట్టారు?" అని ఆమె నా మీద అరిచారు. వీధిలోకి వినిపించేలా అరిచారు. సదరు పేరా అలాగే ఉంచడమైనది. ఆమె అరవడం ఇంకా అయిపోలేదు, ఈ వాక్యం రాస్తుండగా కూడా సాగుతూనే ఉంది. ఈ సంగతిని తమకు పరమానందంతో తెలియజేసుకుంటున్నాను.